నైజెలప్ప మోకాలు

పిల్లిగుండ్ల తలారి తిప్పన్నకు చేతనైన పని ఒకటే, చూడటం. ఎవరి చేనులో ఎవరి గొడ్లు పడ్డాయో, ఏ గట్టును ఎవరు ఎంత కోశారో, కప్పలవంకలో నీళ్ళు గుర్తురాయికి ఎన్ని జానల కింద ఉన్నాయో చూసేవాడు. చూసింది చూసినట్టు వంక అవతల ఉన్న మండలాఫీసులో చెప్పి వచ్చేవాడు. అంతకు మించి ఒక్క మాట ఖర్చు పెట్టేవాడు కాదు. ఆయన మిగిల్చిన మాటలన్నీ భార్య ఈరమ్మ వాడుకునేది.

అందుకని మృగశిర కార్తె మొదట్లో తహసీల్దారు కోదండపాణి గారు పిలిపించి, "తిప్పన్నా, ఇకమీదట నువ్వు ఇంగ్లండు దేశపు టెన్నిస్ ఆటగాణ్ణి చూడవలసి ఉంటుంది" అన్నప్పుడు ఆయనేమీ ఆశ్చర్యపోలేదు.

"ఏం సార్, గట్టు కోసినాడా?" అని మాత్రం అడిగాడు.

కోదండపాణి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయన ఇంట్లో ఉప్పు అడగాలన్నా ఉత్తర్వు జారీ చేసినట్టు అడిగే మనిషి. "ప్రభుత్వం వారు 'మండలానికో మేటి' అను పథకమును ప్రవేశపెట్టియున్నారు. తత్సంబంధముగా మన మండలమునకు నైజెల్ ప్రాట్విక్ అను క్రీడాకారుని కేటాయించడమైనది. ప్రపంచ ర్యాంకు ఆరువందల పదకొండు."

పథకం పుట్టిన వైనం ఇది. పెట్టుబడుల కోసం రాష్ట్రంలోని పెద్దల బృందమొకటి బ్రిటన్ వెళ్ళింది. పెట్టుబడులు పెట్టవలసినవాళ్ళు ఆరోజు టెన్నిస్ చూడటానికి పోయి ఉంటే, బృందమూ వెనకాలే పోయింది. వాన పడి ఆట ఆగింది. ఆ వాన వెలిసేలోపల గొడుగుల కింద ఒక స్నేహ ఒప్పందం తయారైంది. ప్రతి మండలమూ ఒక బ్రిటిష్ ఆటగాణ్ణి దత్తత తీసుకోవాలి, అతని ఆటను వెన్నంటి చూడాలి, స్ఫూర్తి పొందాలి. స్ఫూర్తిని తూచే తక్కెడ ఏ ఆఫీసులోనూ లేదు కాబట్టి దాన్ని ర్యాంకుతో కొలవాలని నిర్ణయించారు. దత్తపుత్రుడి ర్యాంకు రెండువందల లోపుంటే ఆ మండలం పనులు వెంటనే మంజూరు. అయిదువందల లోపుంటే పరిశీలన. అయిదువందలు దాటితే ఫైళ్ళు అటకెక్కుతాయి.

పేరున్న ఆటగాళ్ళు పలుకుబడి ఉన్న మండలాలకు పోయారు. చీట్లు తీశామన్నారు. ఆ చీట్లు ఎవరూ చూడలేదు. అందరూ పోగా మిగిలినవాడు నైజెల్.

పిల్లిగుండ్లకు రావలసిన పని ఒకటుంది. కప్పలవంక మీద వంతెన. పదకొండేళ్ళుగా ఆ ఫైలు ఒక్కొక్క బల్లా దాటుకుంటూ చివరి బల్ల దాకా చేరింది. ఊరు వంకకు ఇవతల, పాలకేంద్రం అవతల. ఈరమ్మ రోజూ పొద్దున పాలక్యాను నెత్తిన పెట్టుకొని వంకలో దిగి దాటుతుంది. పోయినేడు హస్త కార్తెలో నీళ్ళు ఒక్కసారిగా వచ్చి, క్యానుతో సహా కొట్టుకుపోయి, దిగువన ఒక తుమ్మచెట్టు దొరికితే పట్టుకొని రెండు గంటలు వేళ్ళాడింది. క్యాను దొరకలేదు. అప్పట్నుంచి తిప్పన్న గుర్తురాయిని రోజుకు ఒకసారి కాదు, మూడుసార్లు చూస్తున్నాడు.

ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు. ఈరమ్మ చాట పక్కన పెట్టింది.

"ఎవడో తెల్లోడు బంతి కొడితే మనకు వంతెనొస్తాదా?"

"ఊ."

"కొట్టకపోతే?"

"రాదు."

"అయితే కొట్టమని చెప్పప్పా! నోరు తెరిచి ఒక్క మాట చెప్పేదానికి ఏమైతాది నీకు?"

పంట నమోదుకని ఆఫీసువాళ్ళు ఇచ్చిన ట్యాబులోనే ఆట కూడా చూడమన్నారు. తిప్పన్న చూడటం మొదలుపెట్టాడు. నైజెల్ ఆడేవి నిజానికి పోటీలు కావు. పోటీలో ఆడే అర్హత కోసం ఆడే పోటీలు. వాటిని క్వాలిఫయింగ్ అంటారు. "అంటే చౌకడిపో క్యూలో నిలబడేదానికి ముందు ఇంగో క్యూ ఉంటాది, అంతేగదా" అని ఈరమ్మ తేల్చేసింది. ఆ వారం ఆట ట్యునీషియాలో ఎక్కడో సముద్రపు ఒడ్డున. ఒకే ఒక్క కెమెరా. కోర్టు వెనక ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. చూసేవాళ్ళు ముగ్గురు. అందులో ఒకడు పొద్దునే ఓడిపోయి బస్సు కోసం కూర్చున్న ఆటగాడు.

నైజెల్ పొడుగ్గా, గాలికి వంగిన జొన్నదంటులా ఉన్నాడు. గంట లోపల ఓడిపోయాడు. తిప్పన్నకు తెలిసిన రిజిస్టరు పంటలది ఒకటే కాబట్టి అందులోనే రాశాడు. "పైరు: నైజెల్. దశ: క్వాలిఫయింగ్ మొదటి రౌండు. స్థితి: వాడిపోయింది."

పైవారం మళ్ళీ వాడిపోయింది. ఆ పైవారం కూడా. నెల తిరిగేసరికి సంజన్న టీకొట్టు ముందర ట్యాబును అట్టపెట్టె మీద నిలబెడితే సగం ఊరు చేరేది. వేరుశనగ కలుపు గురించి మాట్లాడుకునేవాళ్ళు సెకండ్ సర్వీసు గురించి మాట్లాడుకోసాగారు. ఊళ్ళో కాస్త గౌరవమున్న ప్రతివాడి పేరు చివరా 'అప్ప' చేర్చడం అలవాటు కాబట్టి, ఎవరూ ఆలోచించకుండానే అతను నైజెలప్ప అయ్యాడు. ఆటకింద జనం రాతలు రాసుకునే చోట తెలుగు మొదలైంది. "నైజెలప్పా, వలకు రొంత దగ్గరికి పోప్పా." ప్రపంచంలో ఇంకెవరూ ఏమీ రాయని ఆటకు రెండువందల రాతలు పడేవి.

తిప్పన్న ఏమీ రాయలేదు. చూశాడు. బంతి ఎగరేసి కొట్టిన ప్రతిసారీ నైజెల్ ఎడమకాలి మీద పడతాడు. పడేటప్పుడు వేళ్ళు లోపలికి తిరుగుతాయి. అవతలివాడు నీళ్ళు తాగుతుంటే ఇతను ఊరకే వంగి ఎడమ బూటు తాడు మళ్ళీ కట్టుకుంటాడు. కాడికి కట్టిన ఎద్దు కుంటబోయే ముందు సరిగ్గా ఇట్లాగే అడుగు వేస్తుంది.

మండలాఫీసుకు పోయి చెప్పాడు. "ఎడమ మోకాలు పోతాది సార్. పదైదు దినాల్లో."

కోదండపాణి గారికి కోపం వచ్చింది. "నీ విధి చూచుట. జోస్యము చెప్పుట కాదు. కంటితో చూచినదే రాయవలెను. చూడనిది ఒక్క అక్షరము రాసినా సస్పెండు చేసెదను. తెలిసినదా?"

"తెలిసింది సార్."

తిప్పన్న ఆ మాటను మడిచి లోపల దాచుకున్నాడు.

పుబ్బ కార్తెలో పోర్చుగల్‌లో ఏమైందో ఏమో, నైజెలప్ప గెలిచాడు. క్వాలిఫయింగ్‌లో రెండు రౌండ్లూ గెలిచి, అసలు పోటీలో మొదటి ఆటా గెలిచాడు. ర్యాంకు అయిదువందల నలభై ఎనిమిదికి వచ్చింది. పలక డప్పులు మోగాయి. సంజన్న ఆ పూట టీలో నిజంగానే పాలు పోశాడు. ఇంకొక్క వారం ఇట్లా గెలిస్తే చాలు, అయిదువందల లోపుకు వస్తాడని లెక్కలు వేసుకున్నారు. ఈరమ్మ వంక దాటేటప్పుడు ఒకచోట ఆగి, వంతెన ఎక్కడ మొదలైతే బాగుంటుందో కాలితో గీత గీసి పెట్టింది.

మర్నాటి ఆటలో రెండో సెట్టు మధ్యలో నైజెలప్ప పైకెగిరి బంతి కొట్టి, ఎడమకాలి మీద పడి, మళ్ళీ లేవలేదు. తిప్పన్న జోస్యం చెప్పి అప్పటికి పదమూడు రోజులు.

ఊరంతా చావింటిలా అయింది. అసలు సంగతి మాత్రం ఆఫీసులో జరిగింది. నష్టం జరిగితే నలభై ఎనిమిది గంటల్లో నివేదిక పంపాలని పైనుంచి హుకుం. ఆటగాళ్ళ గాయాలకు ఫారం ఏదీ ఇంకా అచ్చు వేయలేదు. మండలాఫీసులో ఉన్న నష్టం ఫారం ఒకటే, పంట నష్టానిది. కోదండపాణి గారు వ్యవసాయాధికారి సుగుణను పిలిపించారు.

"సార్, మోకాలు పంట కాదు సార్" అన్నది సుగుణ. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లే అయింది, ఇంకా ఇట్లాంటివి పైకి అనేసేది.

"ఎట్లు కాదు? మండలము దత్తత తీసుకొనుటచే సదరు వ్యక్తి మండలములోనివాడు. మండలములో ఉండి వర్షాకాలమున నష్టపోవునది పంట. రాయుము."

రాశారు. రైతు పేరు ఉన్నచోట నైజెల్ ప్రాట్విక్. సర్వే నంబరు, ఎడమ మోకాలు. నీటి వసతి ఉందా అన్న గడి దగ్గర సుగుణ కలం ఆగింది. మోకాలికి నీరు చేరిందని డాక్టర్లు అన్నట్టు వార్త. "ఉంది" అని రాయించారు. చివర నష్టం శాతం. ముప్పైమూడు శాతం దాటితేనే ఏ నష్టమైనా ప్రభుత్వం లెక్కలో నష్టం.

"తిప్పన్నా, ప్రత్యక్షసాక్షివి నువ్వు. ఎంత శాతం?"

"నేను చూసింది పడేది సార్. మోకాలి లోపల చూళ్ళేదు."

"ముప్పైనాలుగు అని రాయి."

"చూడనిది రాస్తే సస్పెండు అన్నారు గదా సార్."

"అది నీ అంతట నువ్వు రాసినచో. ఇది నేను చెప్పగా రాయుట. రాయి!"

తిప్పన్న రాశాడు. రాసేటప్పుడు చేతికి ఏదో మురికి అంటినట్టయింది. బయటికొచ్చి కొళాయి కింద కడుక్కున్నాడు.

ఫారం ఒక కంప్యూటరులో పడింది. ఆ కంప్యూటరుకు మోకాళ్ళు తెలియవు. ఈ మండలంలో నష్టం నమోదైన పంట ఒక్కటే, దాని నష్టం ముప్పైనాలుగు శాతం అని అది లెక్కగట్టింది. వారం తిరక్కుండా మండలాన్ని కరువు మండలంగా ప్రకటించారు. లారీలో పశుగ్రాసం దిగింది. పశుగ్రాసం వెనకాలే ఒక కాగితం కూడా దిగింది. కోదండపాణి గారు దాన్ని నిలబడి చదివారు.

"కరువు మండలమందలి వాగులు, వంకలు నీరు లేనివిగా భావింపబడును. నీరు లేని వంకకు వంతెన నిష్ప్రయోజనము గనుక సదరు ఫైలును ర్యాంకుతో నిమిత్తము లేకుండా ముగించడమైనది."

ఈరమ్మ ఈ సంగతి విని అటక మీది మోకుతాడు దించి తిప్పన్న ముందు పడేసింది. తిప్పన్నకు భయం వేసింది.

హస్త కార్తె వచ్చింది. వాన వచ్చింది. మూడు రోజులు నిలవకుండా కురిసింది. నాలుగోరోజు తిప్పన్న పద్దెనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగి మండలాఫీసుకు పోయాడు.

"వంక పారతాంది సార్. గుర్తురాయి మునిగింది."

"పారుటకు వీలులేదు. కరువు ఉత్తర్వు మార్చి ముప్పైఒకటి వరకు అమలులో ఉన్నది."

"మీరే ఒక మాట వంకకు చెప్పండి సార్. నా మాట ఇనేటట్టు లేదు."

తిప్పన్న అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు. కోదండపాణి గారు కాస్త మెత్తబడ్డారు. "చూడవోయ్, కరువు తొలగవలెనన్న ఒకటే మార్గము. నష్టపోయిన పంట కోలుకొన్నదని క్షేత్రస్థాయి నివేదిక రావలెను. అప్పుడు కరువు రద్దగును. కరువు రద్దయినచో వంక పారుటకు అభ్యంతరము ఉండదు."

అట్లా ఈరమ్మ ప్రాణం నైజెలప్ప మోకాలికి వచ్చి ముడిపడింది. పాలు ఆగవు గదా. ఇవతలి చింతమొద్దుకూ అవతలి రాతికూసానికీ తిప్పన్న మోకుతాడు బిగించాడు. ఈరమ్మ ఒక చేత్తో తాడూ ఒక చేత్తో క్యానూ పట్టుకొని రొమ్ముల్లోతు నీళ్ళలో దాటుతుంటే ఆయన ఒడ్డున నిలబడి చూసేవాడు. ఆ చూపు రిజిస్టరులో రాసే చూపు కాదు.

ఈరమ్మ నాయన విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. ఆమె చెబుతుంటే సుగుణ ఇంగ్లీషులో నైజెలప్పకు ఉత్తరం రాసి పంపింది. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి గుడ్డమీద పూసి, మోకాలి చుట్టూ వెదురుబద్దలు వేసి కట్టాలి, ఇరవయ్యొక్క రోజు విప్పకూడదు, అన్నిటికన్నా ముందు కాలివేళ్ళు లోపలికి తిప్పి దిగే అలవాటు మానాలి. ఆ చివరి మాట తిప్పన్నది. నైజెలప్ప రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు. అర్థమై పంపాడో, దండం మీకు వదిలేయండని పంపాడో తెలియలేదు.

ఈలోపల కరువును చూడటానికి రాజధాని నుంచి ముగ్గురు అధికారుల బృందం బయల్దేరింది. కరువు చూపించవలసిన చేలు పిల్లిగుండ్ల వైపున్నాయి. మధ్యాహ్నం బృందం జీపూ, కోదండపాణి గారూ సుగుణా ఎక్కిన జీపూ వంక అవతలి ఒడ్డున ఆగాయి. ఇవతల ఊరంతా నిలబడి ఉంది. మధ్యలో కప్పలవంక ఎర్రగా, సుడులు తిరుగుతూ, దుంగలు దొర్లించుకుంటూ పోతోంది.

బృందం పెద్ద కాగితం చూశాడు. వంకను చూశాడు. "తహసీల్దారు గారూ, ఇక్కడ నీరు ఉన్నట్టుందే?"

"లేదండి" అన్నారు కోదండపాణి గారు. "అది నేల తేమ."

"శబ్దం వస్తోంది."

"తేమ అధికముగా ఉన్నపుడు వచ్చునండి. తమకు సందేహనివృత్తి చేసెదను." ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు విడిచి, ఉత్తర్వును కాగితమే కాకుండా కాలితో కూడా నిరూపించడానికి ఆయన వంకలో దిగారు. రెండు అడుగులు వేశారు. మూడోది వేయలేదు.

తేమ ఆయన్ను వంద గజాలు తీసుకుపోయింది. అక్కడ ఒక తుమ్మచెట్టు ఉంది.

అందరికన్నా ముందు కదిలింది తిప్పన్న. గట్టు వెంట చెట్టు ఎదురుగా పరుగెత్తి, నడుముల్లోతు దాకా దిగి, ఒక తాడుకు ఉచ్చు వేసి విసిరాడు. కోదండపాణి గారు అది నడుముకు బిగించుకున్నారు. మనిషి ఇక ఎక్కడికీ పోడు. లాగడానికి నలుగురు కావాలి. నలుగురూ ముందుకు వచ్చారు. ఈరమ్మ చేతులు అడ్డం పెట్టింది.

"ఆగండప్పా! వరద లేనప్పుడు లాగేది ఏ రూల్లో ఉండాది? సార్‌ను అడగండి ముందు." తర్వాత నీళ్ళ వైపు తిరిగి గొంతెత్తింది. "సార్! కుడిపక్క కొమ్మ పట్టుకోండి సార్! ఎడంపక్క ముండ్లు జాస్తి. నాకు దెలుసు, పోయినేడు రెండు గంటలు నేను ఆడ్నే ఉన్న్యా!"

అవతలి ఒడ్డు నుంచి సుగుణ సహాయక దళానికి ఫోన్ చేసింది. చేసి, ఫోన్ దించి, అరిచి చెప్పింది. "వరద జాబితాలో మన మండలం లేదంటున్నారు సార్! కరువు జాబితాలో ఉందంట. కావాలంటే నీళ్ళ ట్యాంకరు పంపుతామంటున్నారు!"

"తిప్పన్నా!" చెట్టుమీంచి వచ్చిన కేకలో గ్రాంథికం ఎక్కడా లేదు. "మోకాలు బాగైందని రాయరా సామీ! నైజెల్ మోకాలు బాగైందని రాయి!"

తిప్పన్న ఒడ్డుకొచ్చి, చేతులు తుడుచుకొని, సంచిలోంచి ట్యాబు తీశాడు.

"కంటితో చూసిందే రాయమన్నారు సార్."

"నేను చెబుతున్నా గదా, రాయి!"

"ఒగసారి అట్ల రాస్తేనే ఇంత దూరమొచ్చింది సార్." ఆయన ఎండ పడకుండా ట్యాబుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "టైము బాగుంది సార్ మీది. ఆరువారాల తర్వాత ఈ దినమే ఆడతాండాడు. ఇంగ పది నిమిషాలకు మొదలు. గట్టిగా పట్టుకోండి."

ఆ పది నిమిషాలు ఎట్లా గడిచాయో తుమ్మచెట్టుకు తెలుసు. ఊరంతా ట్యాబు చుట్టూ మూగింది. అవతల బృందంవాళ్ళు కూడా తమ ఫోనుల్లో అదే ఆట పెట్టుకున్నారు. నైజెలప్ప కోర్టులోకి వచ్చాడు. ఎడమ మోకాలికి తెల్లని లావుపాటి కట్టు. వెదురుబద్దలు ఉన్నాయో లేవో కనపడలేదు.

"వచ్చినాడా?" అని చెట్టు.

"వచ్చినాడు సార్. బూటుతాడు ముట్టుకోలేదు."

"మరింకేం, రాయి!"

"కొట్టనీండి సార్."

నైజెలప్ప బంతి ఎగరేశాడు. కొట్టాడు. ఎడమకాలి మీద దిగాడు. వేళ్ళు తిన్నగా, ముందుకు. ఊరు ఊపిరి వదిలింది. అతను మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తిన్నగా దిగాడు. తిప్పన్న మూడోదీ చూశాడు. అప్పుడు రిజిస్టరు తీసి, తొందరపడకుండా, పెద్ద అక్షరాలతో రాశాడు. రాసి చదివాడు. "ఎడమ మోకాలు కోలుకుంది. కంటితో చూడడమైనది."

సుగుణ చెట్టు వైపు తిరిగి, "ఆమోదమేనా సార్?" అని అరిచింది. అంత మనస్ఫూర్తిగా ఆ తహసీల్దారు దేన్నీ ఎప్పుడూ ఆమోదించి ఉండరు. బృందం పెద్ద జీపు బానెట్ మీద కాగితం పెట్టి కరువు తక్షణమే రద్దు చేశాడు. కప్పలవంక చట్టబద్ధంగా పారడం మొదలుపెట్టింది. ఈరమ్మ చేతులు దించింది. నలుగురూ లాగారు.

ఆయన గట్టున కూర్చుని నీళ్ళు కక్కుకుంటూ ఉంటే ఈరమ్మ తన తువ్వాలిచ్చింది. "ఎంతసేపున్న్యారు సార్? అర్ధగంటనా? నయమే." తువ్వాలు తిరిగి తీసుకుంటూ మెల్లగా అన్నది, "నా క్యాను కనపడిందా సార్ ఆడ యాడన్నా?"

కోదండపాణి గారు నిజంగానే వెనక్కి తిరిగి తుమ్మచెట్టు కింద వెతికి చూశారు.

కరువు రద్దయింది కాబట్టి ఇప్పుడు వరద నష్టం నివేదిక పంపాలి. దానికి ఫారం ఉంది. అందులో 'కొట్టుకుపోయిన ప్రభుత్వ ఆస్తి' అని ఒక గడి ఉంది. సుగుణ అందులో "ఒకటి, తహసీల్దారు" అని రాసింది. ప్రభుత్వ ఆస్తి కొట్టుకుపోయిన చోట ర్యాంకు చూడకుండా వంతెన కట్టవచ్చని నియమం. పోయినేడు ఈరమ్మ కొట్టుకుపోయింది గాని, ఆమె ప్రభుత్వ ఆస్తి కాకపోవడం వల్ల ఆ గడిలో పట్టలేదు.

పై వేసవికల్లా వంతెన లేచింది. సరిగ్గా ఈరమ్మ కాలితో గీత గీసిన చోట కాదు, నాలుగడుగులు ఎగువన. అది ఆమె ఇప్పటికీ చెబుతుంది.

పథకం ఎత్తేశారు. పెద్దల బృందం ఈసారి వేరే దేశానికి పోయి వచ్చింది, అక్కడ వాళ్ళు చేపలు పట్టే పోటీలు చూశారట. తిప్పన్న మాత్రం చూడటం మానలేదు. ఎవరూ రాయమనలేదు గనుక రాయడం లేదు, అంతే. ఒకనాటి మధ్యాహ్నం వంతెన పిట్టగోడ మీద కూర్చుని ట్యాబు చూస్తుంటే ఈరమ్మ ఖాళీ క్యానుతో వచ్చి పక్కన ఆగింది. కింద వంక తన పాటికి తాను పారుతోంది.

"మీ నైజెలప్ప గెలిచినాడా?"

"లేదు."

"ఎన్నో రౌండు?"

"క్వాలిఫయింగే. మొదటిది."

ఆమె ఒక నిమిషం కిందికి, తుమ్మచెట్టు వైపు చూసింది.

"మోకాలు?"

"బాగుండాది."

"ఇంగేం కావల్లప్పా" అంటూ క్యాను నెత్తికెత్తుకొని, కాళ్ళు తడవకుండా ఇంటికి నడిచింది.